నీలం సుద్దపొడి

పదకొండూ అయిదు. రెండో షిఫ్టు పన్నెండింటికి మొదలవుతుంది. ఆలోపు ఎవరో ఒకరి పేరు కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ఒంగోలు వెళ్ళిపోవాలని ఎంక్వైరీ ఆఫీసరు మహేంద్ర తొందర. ఆలోపు అసలు దారి కనిపెట్టాలని నా తొందర. మా ఇద్దరికీ ఉన్నది యాభై అయిదు నిమిషాలే.

మార్కాపురంలో మా డయాలసిస్ సెంటర్లో అయిదు మిషన్లు ఉన్నాయి. సోమ, బుధ, శుక్రవారాల్లో పొద్దుటి షిఫ్టుకు మేం అయిదు కుటుంబాల వాళ్ళం వస్తాం. అయిదో మిషన్ అర్ధవీడు గొర్రెల గురుస్వామిది. జనవరిలో ఆయన రక్తంలో హెపటైటిస్ సి బయటపడింది. ఈ వైరస్ దగ్గితే రాదు, ఒక కంచంలో తింటే రాదు. ఒకరి రక్తం ఇంకొకరి రక్తంలో కలిస్తేనే వస్తుంది. మార్చిలో అది ఒకటో మిషన్ వెంకటసుబ్బులమ్మకు వచ్చింది. ఏప్రిల్లో రెండో మిషన్ మెహతాబ్‌కు వచ్చింది. జూన్‌లో మూడో మిషన్ అరుణ టీచరుకు వచ్చింది.

మిగిలింది నాలుగో మిషన్. అది నా కూతురు ముబాషిరాది. దానికి పందొమ్మిదేళ్ళు. ఇంకో ఇరవై నాలుగు రోజుల్లో గుంటూరులో నా కిడ్నీ ఒకటి తీసి దానికి పెడతారు. "ఆలోపు కొత్త ఇన్‌ఫెక్షన్ ఏదీ రాకుండా చూసుకోమ్మా, వస్తే ఆపరేషన్ ఆగిపోతుంది" అన్నారు అక్కడి డాక్టరు. ఆయన నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం ఆ రోజు నుంచి తిన్నది ఒంటబట్టలేదు.

చెడు జరగకముందే చూసే కళ్ళు నావి. మా ఆయన షరీఫ్ పలకల ఫ్యాక్టరీ నుంచి పది నిమిషాలు ఆలస్యంగా వస్తే, నా మనసులో ఆయన జనాజాను మోసుకుని నలుగురు వీధి చివరి దాకా పోయి ఉంటారు. అందరూ నవ్వుతారు. కానీ ఈ ఆరు నెలల్లో నాకొకటి తెలిసింది. భయపడే మనిషి మరిచిపోదు. ఎవరికి ఎన్నింటికి సూదులు పెట్టారు, ఎన్నింటికి తీశారు, ఎవరు తీశారు, అన్నీ నా రూళ్ళ నోటుపుస్తకంలో ఉన్నాయి. ఇప్పటికి మూడో పుస్తకం నడుస్తోంది.

ఇన్ని రాసినా ఒక్క దారీ దొరకలేదు. నీళ్ళు అనుకున్నాను, నీళ్ళు పరీక్షకు పంపి బాగున్నాయన్నారు. మిషన్ల లోపలి గొట్టాలు అనుకున్నాను, ఎవరివి వాళ్ళకే కొత్తవి వేస్తున్నారు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు సీసా అందరికీ ఒకటేనేమో అనుకున్నాను, ఖాళీ సీసాలు లెక్కపెడితే మనిషికొకటి ఉంది. ఏ తలుపు తోసినా అవతల గోడే. గోడకేసి తల కొట్టుకుందామా అన్నంత విసుగు వచ్చింది.

మిగిలింది ఒకే ఒక్క మనిషి. సూదులు పెట్టేదీ తీసేదీ అతనే. టెక్నీషియన్ శ్రీహరి.

అందుకే ఈ పొద్దున వల పన్నాను.

ఇక్కడ ప్రతి మిషనుకూ ఒక పలక వేలాడుతుంటుంది. పేషెంటు పేరు, బరువు సుద్దముక్కతో దాని మీద రాస్తారు. మార్కాపురంలో పలకకూ సుద్దకూ కరువా? రాత్రి ఒక నీలం సుద్దముక్కను మెత్తగా నూరి పొట్లం కట్టుకున్నాను. ఆరూ నలభైకి శ్రీహరి గురుస్వామికి సూదులు పెట్టి అటు తిరగగానే, షీటు సర్దుతున్నట్టు వంగి ఆయన మోచేతి కింద ఆ పొడి చల్లాను. షీటు నీలం, పొడి నీలం, కంటికి ఆనదు. తర్వాత వెళ్ళి చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను. గురుస్వామి దగ్గర ముట్టుకున్న చేతుల్తో శ్రీహరి పక్క మిషనుకు పోతే, ఆ నీలం అతనితో పాటు నడుస్తుంది. నడిచిన ప్రతిచోటా కనబడుతుంది.

ఇప్పుడు దాన్ని వెతకాలి.

హాల్లో బెంచీల మీద నలుగురు పేషెంట్లూ కూర్చున్నారు. మహేంద్ర వాళ్ళను కదలనివ్వలేదు. నా ముబాషిరా మాత్రం లేదు. ఆపరేషన్ వాళ్ళు ఛాతీ ఎక్స్‌రే అడిగితే, పది యాభై ఎనిమిదికే షరీఫ్ దాన్ని బండి మీద ల్యాబుకు తీసుకుపోయాడు.

"వెంకటసుబ్బులమ్మత్తా, ఒకసారి చెయ్యి చూపించు."

"ఎందుకే ఖాతూనూ, మళ్ళా ఏం పుట్టింది నీకు?" అంటూనే యర్రగొండపాలెం వెంకటసుబ్బులమ్మ చెయ్యి చాపింది. సూది తీసిన చోట దూది, దాని మీద ప్లాస్టరు. పక్కనే చర్మం మీద సన్నటి నీలం మరక.

మెహతాబ్ చెయ్యి చూశాను. అక్కడా నీలమే, కొంచెం పలచగా ఉంది. అరుణ టీచరు చెయ్యి చూశాను. దూది అంచున కనబడీ కనబడని నీలం. వెలుతురుకు తిప్పితే ఉంది.

ముగ్గురి చేతుల మీదా ఉంది. ఆరు నెలల తర్వాత దొరికింది!

శ్రీహరి గిద్దలూరు కుర్రాడు. ముప్పై నిండలేదు. మందుల గదిలో గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. వాడి మొహం కడిగిన పలకలా ఉంది.

"శ్రీహరీ, నిజం చెప్పు. సూదులు తీసేటప్పుడు గ్లౌజులు మారుస్తావా లేదా?"

"మారుస్తా అక్కా."

"ప్రతి మనిషికీ?"

"ప్రతి మనిషికీ మారుస్తా. ఎన్నిసార్లు అడుగుతావక్కా? బుధవారం అడిగినావు, సోమవారం అడిగినావు. మా అమ్మ కూడా అన్నం తిన్నావా అని ఇన్నిసార్లు అడగదు."

"ఈ రోజు గురుస్వామన్నకు సూదులు ఎన్నింటికి తీసినావు?"

"పదింటికి."

"తర్వాత?"

"పదీ పన్నెండుకు వెంకటసుబ్బులమ్మ. ఇరవై నాలుక్కి మెహతాబన్న. ముప్పై ఆరుకు టీచరమ్మ. నలభై ఆరుకు మన ముబాషిరా. నీ పుస్తకంలో ఉండేదే గదా!"

ఉన్నాయి. నిమిషం తేడా లేదు. అబద్ధం చెప్పేవాడు నిమిషాల్లో తడబడతాడు. వీడు తడబడలేదు.

"మరి గురుస్వామన్న మోచేతి కింద నేను చల్లిన పొడి ఆ ముగ్గురి చేతుల మీదికి ఎట్ల నడిచిపోయింది?"

వాడు అర్థం కానట్టు నా వైపు చూశాడు. అంతలో వెనక నుంచి చప్పట్లు వినపడ్డాయి.

"బాగుంది. చాలా బాగుంది," అన్నాడు మహేంద్ర. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు. మూడు వారాలుగా ఇలాగే నా వెనకే వస్తున్నాడు. "సుద్దపొడితో ఇన్వెస్టిగేషనా? ఏం చదివారమ్మా మీరు?"

"ఎనిమిది."

"ఎనిమిదో క్లాసు డిటెక్టివ్!"

"అవును సార్. మీరేమో పెద్ద చదువులు చదివినారు. మూడు వారాల్లో ఏం కనిపెట్టినారు?"

ఆయన మొహం బిగుసుకుంది. ఫైలు తెరిచాడు. "కనిపెట్టాను. గురుస్వామి మోకాళ్ళ నొప్పులకు ఊళ్ళో ఎవరి దగ్గరో ఇంజెక్షన్లు చేయించుకున్నాడు. వైరస్ తెచ్చింది ఆయన. గ్లౌజులు మార్చకుండా అంటించింది శ్రీహరి. మీ సుద్దపొడి కూడా అదే చెబుతోంది కదా. థాంక్స్. సోమవారం నుంచి గురుస్వామికి డయాలసిస్ ఒంగోలులో. శ్రీహరి సస్పెండ్. పన్నెండుకు సంతకం పెడతాను."

హాల్లోంచి గురుస్వామి గొంతు వినపడింది. "ఒంగోలా సార్? అర్ధవీడు నుంచి పోను నాలుగు గంటలు, రాను నాలుగు గంటలు. వారానికి మూడు మాట్లు! నేను బస్సులోనే సస్తా. నా గొర్లు నీ ఫైలు జూసి కొండెక్కి దిగుతాయా?"

"పెద్దాయనా, కూర్చోండి."

"కూచునే ఉండా. లేసే ఓపిక యాడిది?"

ఒకరిద్దరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నేను అడగకపోయినా నా సాక్ష్యం మహేంద్ర చేతిలోకి పోయింది. అయినా నిజం నిజమే కదా అనుకోబోయాను. కానీ శ్రీహరి మొహం నన్ను అనుకోనివ్వలేదు.

"అక్కా," అన్నాడు వాడు మెల్లగా. "పసుప్పచ్చ బుట్ట ఇంకా ఖాళీ చేయలా. పొద్దుట్నించి నేను వాడిన గ్లౌజులన్నీ దాంట్లోనే ఉండాయి. లెక్కపెట్టుకో."

పదకొండూ ఇరవై.

రక్తం అంటిన చెత్త వేసే పసుప్పచ్చ బుట్టను వాష్‌బేసిన్ పక్క నుంచి మధ్యకు లాగాం. నేను చెయ్యి పెట్టలేదు. శ్రీహరి పొడుగాటి పట్టుకారుతో ఒక్కో గ్లౌజూ తీసి ప్లాస్టిక్ షీటు మీద పరుస్తుంటే నేను లెక్కపెట్టాను. సెంటర్ వాళ్ళ గ్లౌజులు తెల్లవి. సూదులు పెట్టేటప్పుడు అయిదు జతలు, తీసేటప్పుడు అయిదు జతలు. మొత్తం ఇరవై ఉండాలి.

పద్దెనిమిది. పందొమ్మిది. ఇరవై.

ఇరవైలో నీలం అంటింది ఒక్క జతకే, గురుస్వామికి సూదులు తీసిన జతకు. మిగతా పద్దెనిమిదీ తెల్లగా ఉన్నాయి. రక్తం చుక్కలున్నాయి గానీ నీలం లేదు.

శ్రీహరి మార్చాడు. ప్రతి మనిషికీ మార్చాడు.

మళ్ళీ గోడే వచ్చింది. నా ఒళ్ళు మండింది. "మరి ఆ పొడి ఎగిరి పోయిందా? దానికేమన్నా రెక్కలున్నాయా?" అని అరిచాను. ఎవరి మీద అరిచానో నాకే తెలియదు.

ఆ అరుపులోనే సుబ్బులమ్మ వగరుస్తూ లోపలికి వచ్చింది. గురుస్వామి భార్య. భుజాన ఎర్ర తువ్వాలు. "పోయింది. పదకొండుంబావు బస్సు పోయింది. పదీ పది నుంచి సీటు మీద తువ్వాలేసుకోని కూచున్నా. కండక్టరు తువ్వాలు తీసి నా మొగాన కొట్టినాడు. ఏందయ్యా, ఇంకా కదలవా?"

"కదలనిస్తే గదా!" అన్నాడు గురుస్వామి.

మహేంద్ర ఆమె వైపు తిరిగాడు. "మీరు పదింటికే బస్టాండుకు వెళ్ళిపోయారా? మరి సూదులు తీశాక మీ ఆయన చెయ్యి ఎవరు పట్టుకున్నారు?"

సూదులు తీసిన చోట పది నిమిషాలు గట్టిగా ఒత్తి పట్టుకోవాలి. లేకపోతే రక్తం చిమ్ముతుంది. టెక్నీషియన్ ఒక్కడే కాబట్టి, ఆ పని పేషెంటు వెంట వచ్చిన వాళ్ళే చేస్తారు.

"ఇంగెవరు సార్? మా ఖాతూనొదినే," అంది సుబ్బులమ్మ. "నేను బస్సులో సీటు పట్టుకోవాలంటే ముందే పోవాల గదా! పదీ పదికే స్టాండులోకొస్తాది, అయిదు నిమిషాల్లో నిండిపోతాది. వదినే ఒత్తిపెడ్తాది. తల్లి మాదిరి."

"నాకూ ఆమే ఒత్తేది," అంది వెంకటసుబ్బులమ్మ. "నా కొడుకు నెత్తురు చూస్తే కళ్ళు తిరిగి పడతాడు."

"నాకూ ఖాతూనాపానే," అన్నాడు మెహతాబ్.

"నేను ఒంటరిగా వస్తాను కదా," అంది అరుణ టీచరు. "ఖాతూన్ గారు లేకపోతే నా చెయ్యి ఎవరు పట్టుకుంటారు?"

వాళ్ళు నన్ను మెచ్చుకుంటున్నారు. నేను బుట్టలోకి చూస్తున్నాను.

ఒక పక్కకు జారి ఇంకొక జత ఉంది. తెల్లది కాదు, పాలమీగడ రంగు. పెద్ద సైజు. మెడికల్ షాపులో నేను కొనుక్కున్న డబ్బాలోది. నాది.

శ్రీహరి పట్టుకారుతో దాన్ని పైకెత్తాడు. కుడిచేతి బొటనవేలు మొత్తం నీలం.

శ్రీహరి నా వైపు చూడలేదు. వాడు చూసి ఉంటే బాగుండేది.

నాకు రెండేళ్ళ కిందటి రోజు గుర్తొచ్చింది. అప్పటి నర్సు రూతమ్మ చెప్పింది. "ఉత్త చేతుల్తో నెత్తురు ముట్టుకోబాకు అక్కా, నీకు ప్రమాదం." ఆ మాటను నేను తాయెత్తులా కట్టుకున్నాను. పదింటికి ఒక జత తొడుక్కుంటే, దాన్ని తీయాలంటే భయం. తీస్తే నా చెయ్యి ఏ తలుపుకు తగులుతుందో, ఏ మంచానికి తగులుతుందో, అక్కడి రోగం ఇంటికి తెచ్చి నా బిడ్డకు అంటిస్తానేమో అని. అందుకే ఒకే జతతో గురుస్వామి చెయ్యి, అదే జతతో వెంకటసుబ్బులమ్మ చెయ్యి, అదే జతతో మెహతాబ్, అరుణ టీచరు. గ్లౌజులు నా చేతులను కాపాడాయి. నా చేతుల కింద పచ్చిగా ఉన్న సూది గాయాలను ఎవరు కాపాడాలి?

నోటుపుస్తకం తెరిచాను. మూడు పుస్తకాల్లోనూ ప్రతి పేజీలో చివరి గడి ఒకటే. "ఒత్తింది: నేను." "ఒత్తింది: నేను." ఆరు నెలలు ఆ గడి మీదుగా వేలు జరుపుతూ అందరినీ అనుమానించాను. ఆ ఒక్క మాట దగ్గర వేలు ఎన్నడూ ఆగలేదు.

"ఒక్క ప్రశ్న," అన్నాడు మహేంద్ర. ఈసారి వెటకారం లేదు. "మొదటి రోజు నుంచీ నాకు కొరుకుడు పడనిది ఇదే. అందరికీ వచ్చింది. మీ అమ్మాయికి మాత్రం ఎందుకు రాలేదు?"

నేను ఇన్నాళ్ళూ దానికి దువా అని, అల్లా విన్న నా మొర అని పేరు పెట్టుకున్నాను.

"దాని వంతు వచ్చినప్పుడు కొత్త జత తొడుక్కుంటాను సార్," అన్నాను. "పాత జత బుట్టలో పడేసి. నా బిడ్డకు అందరి నెత్తురు ముట్టిన గ్లౌజు ఎట్ల పెడతాననుకున్నా. అది తప్పని తెలుసు నాకు. నా బిడ్డ వరకే తెలుసు."

వెంకటసుబ్బులమ్మ తన చెయ్యి పైటలోకి లాక్కుంది. మెహతాబ్ తల దించుకున్నాడు. గురుస్వామి భార్యకు ఇంకా అర్థం కాలేదు. "ఏంది, ఏమంటాండావు వదినా?" అంటూనే ఉంది.

గురుస్వామికి అర్థమైంది. "ఉండనీ చెల్లే," అన్నాడు. "నా చెయ్యి ఎవరు పట్టుకున్నా పట్టుకోకపోయినా నువ్వు పట్టుకున్నావు. అదీ రాసుకో నీ పుస్తకంలో."

ఆ మాట తిట్టయి ఉంటే ఓర్చుకునేదాన్ని.

"మహేంద్ర సార్, ఆ కాగితం చింపండి," అన్నాను. "శ్రీహరి పేరు తీసెయ్యండి. గురుస్వామన్నను ఒంగోలు పంపొద్దు. చేతులు నావి. నా పేరు రాయండి."

ఆయన పెన్ను మూత తీశాడు, మళ్ళీ పెట్టాడు. "మీ పేరు రాస్తే నా పని అయిపోతుందా? అయిదు మిషన్లకు ఒక్క టెక్నీషియన్‌ను పెట్టి, సూది గాయాలు మీ చేత ఒత్తించిన వాళ్ళ పేరు ఎవరు రాస్తారు?" ఆ మాట నాతో అన్నాడో, తనలో తనే అనుకున్నాడో తెలియదు. ఫైల్లోని కాగితం మాత్రం రెండు ముక్కలైంది.

పదకొండూ నలభై.

శ్రీహరి గ్లౌజులన్నీ మళ్ళీ బుట్టలో వేస్తున్నాడు. వేస్తూ వేస్తూ ఆగాడు.

"అక్కా."

"ఏంది?"

"రోజూ నీవి రెండు జతలుంటాయి గదా. వీళ్ళకు ఒత్తింది ఒకటి, ముబాషిరాకు ఒత్తింది ఒకటి."

"అవును."

"ఈ రోజు ఒకటే ఉంది."

నేను బుట్టలోకి వంగాను. అతను పట్టుకారుతో అడుగు దాకా కెలికాడు. దూది, గొట్టాలు, సూది మూతలు. ఇంకో జత లేదు. నా సంచిలో డబ్బా తీశాను. పొద్దున ఇంట్లో లెక్కపెట్టి పెట్టుకున్నాను, పద్నాలుగు జతలు. ఇప్పుడు పదమూడు.

పది నలభై ఆరుకు నేనెక్కడున్నాను? ముబాషిరా పక్కనే ఉన్నాను. చెయ్యి ఒత్తుతూనే ఉన్నాను. కానీ కళ్ళు ఎక్కడున్నాయి? శ్రీహరి చేతుల మీద. వాడు గ్లౌజులు మారుస్తున్నాడా లేదా అని రెప్ప వేయకుండా వాడినే చూస్తున్నాను.

రెండేళ్ళలో మొట్టమొదటిసారి మార్చడం మరిచిపోయాను.

బయట బండి ఆగిన చప్పుడు. షరీఫ్ ఎక్స్‌రే కవరు ఊపుతూ మెట్లెక్కాడు. "ఊపిరితిత్తులు కడిగిన పలకల్లా ఉండాయంట!" అన్నాడు సంబరంగా. వెనక ముబాషిరా, కుర్తా పొడుగు చెయ్యి పైకి మడుచుకుంటూ.

"అమ్మీ, ఇది చూడు. ఎక్స్‌రే ఆమె అడిగింది, పరీక్ష రాసొచ్చినావా, ఈ ఇంకు మరక ఎక్కడిదీ అని."

తెల్ల ప్లాస్టరు మీద నీలం బొటనవేలి ముద్ర. గ్లౌజు ముడతలతో సహా అచ్చుగుద్దినట్టుంది. ఆ ముద్ర వేసిన వేలికి అంతకుముందే నలుగురి నెత్తురు అంటింది.

"మూడు వారాలు పోతేగాని పరీక్షలో తెలవదు," అన్నాడు శ్రీహరి గుసగుసగా. ఆపరేషన్‌కు ఇరవై నాలుగు రోజులు.

"ఏమైంది అమ్మీ? అందరూ ఇట్ల చూస్తాండారేంది?"

ముబాషిరా చెయ్యి కొంచెం విదిలించింది. ప్లాస్టరు అంచు లేచింది. దాని కింద నుంచి రక్తం సన్నటి దారంలా కారింది. బండి మీద కుదుపులకు గాయం విడినట్టుంది.

నా కాలు ఒక అడుగు ముందుకు పడింది. బొటనవేలు దానంతటదే లేచింది. రెండేళ్ళుగా అలవాటు.

రెండు చేతులూ వీపు వెనక గట్టిగా కట్టుకున్నాను.

"అమ్మీ, కారుతాంది. ఒత్తవా?"

"శ్రీహరీ!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "చేతులు కడుక్కో నాయనా. సబ్బుతో కడుక్కో. కొత్త గ్లౌజులు వేసుకుని రా. నువ్వే ఒత్తు."

వాడు వాష్‌బేసిన్ దగ్గరికి పరిగెత్తాడు. కుళాయి విప్పిన చప్పుడు. నా బిడ్డ రక్తం మోచేతి దాకా జారుతోంది. నేను దానికి రెండడుగుల దూరంలో నిలబడి, కుళాయి ఎప్పుడు ఆగుతుందా అని లెక్కపెడుతున్నాను.